మీ ముఖం, ఎదుటివారి కళ్లజోడు: అపోహలు – వాస్తవాలు

కెమెరా ఉన్న కళ్లజోళ్లు ఇప్పుడు మన దుకాణాల్లోనూ దొరుకుతున్నాయి. రే-బాన్ మెటా జోళ్లను 2025 మేలో మన దేశంలో విడుదల చేశారు. అప్పట్లో ధర 29,900 రూపాయల నుంచి మొదలైంది. వీటి గురించి, ముఖాన్ని చూసి మనిషిని గుర్తుపట్టే ఫేషియల్ రికగ్నిషన్ గురించి జనంలో చాలా ధీమా ఉంది. ఆ ధీమాకు ఆధారం తక్కువ.

అపోహ: రికార్డు చేస్తుంటే లైటు వెలుగుతుంది, మనకు తెలిసిపోతుంది.

వాస్తవం: ఫ్రేముకు ఒక మూల కెమెరా, రెండో మూల చిన్న తెల్లటి ఎల్‌ఈడీ ఉంటాయి. లైటును మూసేస్తే రికార్డింగ్ మొదలవకుండా కంపెనీ జాగ్రత్త తీసుకుంది. కానీ డబ్బు తీసుకుని ఆ లైటు వెలగకుండా చేసిపెట్టేవాళ్ల సంగతి 2025లో అమెరికాలో బయటపడింది. మిట్ట మధ్యాహ్నం ఎండలో అది కంటికి ఆనడమే కష్టం. ఇక దాని అర్థమే తెలియని పెద్దవాళ్లకు వెలిగినా ఒకటే, వెలగకున్నా ఒకటే.

అపోహ: వీడియో తీస్తే తీశారు, నేనెవరో వాళ్లకెలా తెలుస్తుంది?

వాస్తవం: 2024లో హార్వర్డ్ విద్యార్థులు ఇద్దరు ఇదే చేసి చూపించారు. కళ్లజోడు తీసిన వీడియోలోంచి దారినపోయే వారి ముఖాన్ని వేరుచేసి, ముఖాన్నిబట్టి ఫొటోలు వెతికే పిమ్‌ఐస్ అనే సైటుకు ఇచ్చారు. ఆ ఫొటోలున్న పేజీలను ఏఐ చదివి పేరు లాగింది. పేరు దొరికాక చిరునామా, ఫోన్ నంబరు వెతకడం ఎంతసేపు? వాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఎవరికైనా దొరికే వస్తువులను కలిపారు, అంతే. జనాన్ని హెచ్చరించడానికే చేశామని చెప్పి ఆ ప్రోగ్రామును బయటికి ఇవ్వలేదు. ‘నేను ఫేస్‌బుక్‌లో లేను’ అనుకోవడం కూడా రక్షణ కాదు. కాలేజీ వెబ్‌సైటులో గ్రూప్ ఫొటో, బంధువులు పెట్టిన పెళ్లి ఫొటో చాలు.

అపోహ: మాస్కు పెట్టుకుంటే సరి.

వాస్తవం: ఒకప్పుడు కొంత నిజం. 2020 జులైలో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పరీక్షిస్తే, పాత ప్రోగ్రాములు మాస్కు ముఖాల దగ్గర 5 నుంచి 50 శాతం దాకా తప్పాయి. తరవాత వచ్చినవి కళ్ల చుట్టూ కనిపించే భాగంతోనే చాలావరకు పోల్చేస్తున్నాయి.

అపోహ: కంప్యూటర్ పొరబడదు. తప్పు చేయనివాళ్లకు భయమెందుకు?

వాస్తవం: యంత్రం మనిషిని గుర్తుపట్టదు. ముఖాన్ని అంకెలుగా మార్చి, రెండు ముఖాల అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తుంది. ఎంత దగ్గరైతే ‘ఇతనే’ అనాలో నిర్ణయించేది మనుషులే. పోలిక 80 శాతం దాటితే సరిపోయినట్టేనని ఢిల్లీ పోలీసులు 2022లో సమాచార హక్కు దరఖాస్తుకు జవాబిచ్చారు. వెయ్యిమందిలో ఒకరి విషయంలో పొరబడే యంత్రం ముందు నుంచి రోజుకు లక్షమంది నడిస్తే, వందమంది అమాయకులు అనుమానితులవుతారు. ఆ తప్పు అందరి మీదా సమానంగానూ పడదు. ముఖం చూసి ఆడా మగా చెప్పే ప్రోగ్రాములను 2018లో పరిశోధకులు పరీక్షిస్తే, తెల్లని మగవాళ్ల దగ్గర తప్పులు 0.8 శాతం దాటలేదు. నల్లని స్త్రీల దగ్గర 34.7 శాతం దాకా వెళ్లాయి.

ఇది మన ఊరి సంగతి కూడా. 2020 జనవరిలో కొంపల్లి మున్సిపల్ ఎన్నికల్లో 10 పోలింగ్ కేంద్రాల్లో ఓటర్ల ముఖాలను ఈ పద్ధతిలో పోల్చి చూశారు. 2021లో హైదరాబాద్‌లో పోలీసులు తనను ఆపి, మాస్కు తీయమని చెప్పి ఫొటో తీసుకున్నారంటూ ఒక సామాజిక కార్యకర్త హైకోర్టు గడప తొక్కారు. ఏ తప్పూ చేయకుండా ఎందుకు ఫొటో ఇవ్వాలన్న ఆయన ప్రశ్న న్యాయమైనదని నా నమ్మకం.

అపోహ: చట్టం చూసుకుంటుంది.

వాస్తవం: గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది, నిజమే. స్త్రీల ఏకాంతాన్ని చాటుగా చిత్రిస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద జైలు. అయితే 2023 నాటి డేటా రక్షణ చట్టం ఒక వ్యక్తి సొంత అవసరానికి వాడుకునే సమాచారానికి వర్తించదు. మనంతట మనమే బహిరంగంగా పెట్టిన ఫొటోలనూ వదిలేసింది. ప్రభుత్వ సంస్థలకు మినహాయింపులిచ్చే వీలూ ఉంది. కంపెనీల ప్రధాన బాధ్యతలు 2027 మే దాకా అమల్లోకి రావు.

అందాకా చేయగలిగినవి కొన్నున్నాయి. పిమ్‌ఐస్‌లో మన ముఖాన్ని ఫలితాల నుంచి తీసేయమని కోరవచ్చు. ఇంట్లోకి, క్లినిక్‌లోకి, పిల్లల బడిలోకి ఆ జోడు పెట్టుకొచ్చినవాళ్లను తీసేయమని అడగడం మర్యాదతప్పడం కాదు. శంషాబాద్‌లోనో గన్నవరంలోనో విమానం ఎక్కేటప్పుడు, ముఖాన్ని చూసి లోపలికి పంపే డిజియాత్ర తప్పనిసరని ఎవరైనా అంటే నమ్మవద్దు. అది ఇష్టమైతేనే. గుర్తింపు కార్డు, టికెట్ చూపించి మామూలు వరుసలో వెళ్లవచ్చు.