ఎండ వేఱు, వేడిమి వేఱు

మన కర్నూలు, కడప జిల్లాలయందు వానకు కొఱతయే గాని యెండకు కొఱత లేదు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామముల చెంత 2017 వ సంవత్సరమున వేయి మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము పూర్తి యగుటకును, కడప జిల్లా మైలవరము ప్రాంతమున మఱియొకటి వెలయుటకును ఇదియే హేతువు. బావులపై సైతము సౌరఫలకములతో నడచు మోటారులు నేడు కానవచ్చుచున్నవి. అయితే వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున ఎండ యెంత మండిన ఫలకము అంత పనిచేయునని తలచుట సరికాదు. దానికి కావలసినది వెలుతురు. వేడిమి దానికి శత్రువు.

ఇప్పుడు రైతులు కొనుచున్న ఫలకములు మిక్కిలిగా సిలికను అను ద్రవ్యముతో చేయబడినవి. వాని శక్తిని 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కొలిచి వ్రాయుదురు. ఆపైన ప్రతి డిగ్రీకి నూటికి 0.3 మొదలు 0.4 వఱకు శక్తి తగ్గును. వేసవిలో ఫలకము 65 డిగ్రీలకు కాగుట వింత గాదు. అప్పుడు 40 డిగ్రీల హెచ్చునకు నూటికి 12 మొదలు 16 వఱకు నష్టము. వేయి వాట్లని వ్రాసిన ఫలకములు, వెలుతురు నిండుగా నున్నను, 880 గాని 840 గాని మాత్రమే యిచ్చును.

ఇట్లేల జరుగును? కపిలతో పైకి తోడిన నీరు కాలువగుండ పొలమునకు పాఱునట్లు, వెలుతురుచే పైకెత్తబడిన విద్యుత్కణములు తీగగుండ పాఱి మోటారును త్రిప్పును. వేడిమి హెచ్చిన కొలది ద్రవ్యములోని పరమాణువులు కంపించి, కసవు పెరిగిన కాలువలోని నీటివలె కణముల నడక మందగించును. అంతకంటె ముఖ్యముగా వోల్టేజి తగ్గును. అనగా నీరు తోడిన తొట్టి ఎత్తు తగ్గినట్లగును.

పెరోవ్‌స్కైటు అను క్రొత్త జాతి ద్రవ్యములను గూర్చి నేడు విశేషముగా వినుచున్నాము. 1839 లో యూరల్ పర్వతములనుండి వచ్చిన యొక ఖనిజమునకు ఈ పేరిడిరి. అట్టి కూర్పుగల కృత్రిమ ద్రవ్యముతో 2009 లో జపాను శాస్త్రజ్ఞుడు మియసాకాయు అతని సహచరులును వెలుతురులో నూటికి 3.8 పాళ్లు విద్యుత్తుగా మార్చిరి. నేడు ప్రయోగశాలలలోని చిన్న ఫలకములు 25 పాళ్లను దాటినవి. వేడిమి వలన కలుగు తాత్కాలిక నష్టము వీనియందు సాధారణముగా సిలికను కంటె తక్కువ.

ఇది మన సీమకు శుభవార్తయే. కాని దీనిలో చిక్కు గలదు. ఈ జాతిలో మొదట ప్రసిద్ధికెక్కిన సీసము, అయొడిను గల ద్రవ్యమునందు విద్యుత్కణములతోపాటు అయొడిను కణములు సైతము కదలును. వేడిమి వాని కదలికను త్వరపఱచును. సుమారు 55 డిగ్రీల వద్ద దాని స్ఫటికముల రూపే మాఱును. 85 డిగ్రీల వేడిమి చాలకాలము తగిలినచో అది చెడును. సిలికను చల్లబడినంతనే తన శక్తిని మరల పొందును. చెడిన ద్రవ్యము పొందదు. సీసియము మొదలగువానిని చేర్చి దీనిని గట్టిపఱచుచున్నారు. అద్దము పగిలిన సీసము నీటిలో కరగి నేలలో చేరు భయమును గలదు.

కావున రైతులు ఈ క్రింది విషయములను గమనింతురు గాక. ఫలకములను రేకుల కప్పునకు అంటించి బిగింపరాదు. క్రింద గాలి యాడవలెను. దుమ్మును తెల్లవాఱుజామున కడుగవలెను. కాగిన యద్దముపై చన్నీరు పోయరాదు. మోటారునకు వేసవి నష్టమును కలుపుకొని ఫలకములను లెక్కించుకొనవలెను. డిగ్రీకి ఎంత తగ్గునో, ఎన్నేండ్ల పూచీ యిత్తురో అమ్మువారిచే వ్రాతమూలముగా పొందవలెను. పెరోవ్‌స్కైటు ఫలకమును ఎవరైన తెచ్చినచో, 85 డిగ్రీల వేడిమిలోను తేమలోను వేయి గంటల పరీక్షకు అది నిలిచినదా యని యడుగవలెను. ఒక్కొక్కరుగా గాక సంఘ సభ్యులు కూడి యడిగినచో సమాధానము త్వరగా వచ్చును. అప్పు చేసి కొన్న వస్తువు అప్పు తీఱువఱకైన నిలువవలెను గదా.