గురికి మౌస్, పరుగుకు స్టిక్

తుపాకీతో గురి చూసి కాల్చే ఆటల్లో మౌస్ పట్టినవాడిదే సాధారణంగా పైచేయి. అలవాటు వల్ల మాత్రమే కాదు, చేతి కదలికను మౌస్, కంట్రోలర్ అర్థం చేసుకునే తీరే వేరు. మౌస్‌ను బల్ల మీద ఎంత జరిపితే గురి ఆ మేరకే జరుగుతుంది. చెయ్యి ఆగితే గురీ ఆగుతుంది. కంట్రోలర్ మీది స్టిక్ కుళాయి లాంటిది. ఎంత వంచితే గురి అంత వేగంగా తిరుగుతుంది, వదిలేదాకా తిరుగుతూనే ఉంటుంది. సరిగ్గా శత్రువు మీదికి రాగానే బొటనవేలు వెనక్కి తీయాలి. రెప్పపాటు ఆలస్యమైనా గురి దాటిపోతుంది, మళ్లీ వెనక్కి తెచ్చుకోవాలి.

ఇది గేమర్లు కనిపెట్టిన సంగతి కాదు. 1978లోనే వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో స్టూవర్ట్ కార్డ్, విలియం ఇంగ్లిష్, బెట్టీ బర్ తెర మీది అక్షరాలను ఎంచుకునే పని పెట్టి మౌస్‌నూ జాయ్‌స్టిక్‌నూ కీలనూ పోల్చి చూశారు. వేగంలోనూ, తప్పులు తక్కువగా రావడంలోనూ మౌసే నెగ్గింది.

మరి టీవీ ముందు కూర్చుని కంట్రోలర్‌తో ఆడేవాళ్లు ఎలా నెగ్గుకొస్తున్నారు? ఆటే వాళ్లకు సాయం చేస్తుంది. గురి శత్రువును సమీపించగానే ప్రోగ్రామ్ ఆ గురి వేగాన్ని తగ్గిస్తుంది. దీన్నే ఎయిమ్ అసిస్ట్ అంటారు. 2001లో వచ్చిన హేలో ఆట ఈ సాయాన్ని ఆడేవాడికి దాదాపు తెలియనంత నేర్పుగా అందించింది. కంట్రోలర్‌తో ఆడేవాళ్లు దీన్ని మోసమనుకుని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. బొటనవేలికున్న పరిమితిని పూడ్చడానికే అది ఉంది.

మౌస్‌కు తోడుగా వాడే కీబోర్డు లోటు ఇంకోచోట ఉంది. మామూలు కీకి తెలిసినవి రెండే స్థితులు: నొక్కడం, వదలడం. డబ్ల్యూ, ఏ, ఎస్, డీ కీలతో ఎనిమిది దిక్కులకే నడవగలం. స్టిక్‌తో ఏ కోణంలోనైనా, మెల్లగానో పరుగునో పోవచ్చు. కార్ల పందెంలో ఇది మరీ స్పష్టం. మలుపులో స్టీరింగ్‌ను కొంచెమే తిప్పాలి, బ్రేకు సగమే వేయాలి. కీతో ఆ ‘కొంచెం’ కుదరదు. కంట్రోలర్ మీది స్టిక్, వేలితో నొక్కే ట్రిగ్గర్లు ఆ తేడాను పట్టుకుంటాయి.

కంట్రోలర్ కొనేముందు ఇంకో మాట. చాలా స్టిక్‌ల లోపల రాసుకుంటూ తిరిగే చిన్న భాగాలుంటాయి. అవి అరిగితే తాకకపోయినా పాత్ర తనంతట తానే నడుస్తుంది. అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ రకంలో ఆ రాపిడి లేదు. దొరికితే అదే తీసుకోండి. మీరు ఆడేవన్నీ కాల్పుల ఆటలే అయితే మాత్రం ఆ డబ్బు మంచి మౌస్ మీద పెట్టండి.