గిండీలో అడుగుపెట్టిన తొలి అమ్మాయి

మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీ మూలం 1794లో మొదలైన సర్వే స్కూలు. 1940 దాకా అక్కడ చదివినవాళ్లంతా మగపిల్లలే. ఆ ఏడాది ఎలక్ట్రికల్ బ్రాంచిలో అయ్యలసోమయాజుల లలిత చేరారు. అప్పటికి ఆమె ఒక బిడ్డ తల్లి.

1919లో మద్రాసులోని తెలుగు కుటుంబంలో పుట్టిన లలితకు పదిహేనో ఏట పెళ్లయింది. పద్దెనిమిదేళ్లకే భర్త పోయారు. చేతిలో నాలుగు నెలల పాప. అలాంటి ఆడపిల్ల గడప దాటితేనే పదిమందీ చెవులు కొరుక్కునే రోజులవి. లలిత మాత్రం మళ్లీ పుస్తకాలు పట్టి, క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియెట్ ఫస్ట్ క్లాసులో పాసయ్యారు. డాక్టరయితే వేళాపాళా లేకుండా పాపను వదిలి పరుగెత్తాలి. అందుకే ఇంజినీరింగ్ ఎంచుకున్నారు.

తండ్రి పప్పు సుబ్బారావు గిండీలోనే ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ఆయన అడగడమూ, ప్రిన్సిపాల్ కె.సి. చాకో, విద్యాశాఖ డైరెక్టర్ ఆర్.ఎం. స్టాథమ్ సరేననడమూ చిన్న సంగతి కాదు. అసలు మెచ్చుకోవలసింది ఆ తర్వాత జరిగింది. హాస్టల్లో లలిత ఒంటరి. ఆమెకు తోడు కావాలని గ్రహించి, అమ్మాయిలు కూడా దరఖాస్తు చేయవచ్చని కాలేజీ ప్రకటన ఇచ్చింది. మరుసటేడు లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్‌లో చేరారు. ఒక్కరికి ఇచ్చిన సీటు మినహాయింపుగా మిగిలిపోలేదంటే ఆ ప్రకటనే కారణం.

రెండో ప్రపంచ యుద్ధం వల్ల కోర్సు కాలం కుదించడంతో ముగ్గురూ కలిసే బయటికొచ్చారు. మద్రాసు విశ్వవిద్యాలయం పట్టా పత్రాలు మగవాళ్ల కోసమే అచ్చయి ఉండేవి. ఈ ముగ్గురి కోసం వాటిని చేత్తో దిద్దవలసి వచ్చింది.

వర్గీస్ కురియన్ గిండీలో చదివింది కూడా ఆ కాలంలోనే. పాల సహకారోద్యమంతో ఆయన పేరు ఊరూరా తెలిసింది. లలిత పేరు తెలుగు ఇళ్లలోనైనా అంతగా వినిపించదు. ఆమె చేసిన పని మాత్రం దేశమంతా వెలుగునిచ్చేదే. జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ, సిమ్లాలో కేంద్ర ప్రమాణాల సంస్థలో ఉద్యోగం అయ్యాక, కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. విద్యుత్ లైన్లు, సబ్‌స్టేషన్ల డిజైన్లు చూశారు. భాక్రా-నంగల్ ప్రాజెక్టు జనరేటర్ల పనిలో పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజినీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సుకు హాజరయ్యారు. 1979లో కన్నుమూశారు.

ఆ ప్రకటన వల్ల గిండీకి వచ్చిన త్రేసియా, ముళంకున్నత్తుకావు క్షయ శానిటోరియానికి అసిస్టెంట్ కన్‌స్ట్రక్షన్ ఇంజినీరుగా పనిచేసి, మెట్టు మెట్టు ఎక్కి 1971లో కేరళ ప్రజాపనుల శాఖ చీఫ్ ఇంజినీర్ అయ్యారు. దేశంలో ఆ పదవి అందుకున్న మొదటి మహిళ ఆవిడే.