మూల తిరగాలంటే 71 మీటర్లు

కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు, 120 మీటర్ల ఎత్తు ఉన్న ఆకాశాన్ని 10 మీటర్ల గడులుగా కోస్తే 1,20,000 గడులు వస్తాయి. గడిని 5 మీటర్లకు తగ్గిస్తే 9,60,000. ఒక్కో గడి నుంచి పక్క గడికి పోవడానికి 26 దిక్కులు. వాటిలో వెతికి కంప్యూటర్ డ్రోన్‌కు తెచ్చే దారి అడ్డంకులను తప్పించుకుంటుంది కానీ, నిండా మూలలే.

రెక్కల డ్రోన్ మూల తిరగలేదు. విమానంలాగే ఒక పక్కకు ఒరిగి, వంపుగా తిరగాలి. వేగం వర్గాన్ని 9.81తో, ఒరిగిన కోణపు టాంజెంట్‌తో భాగిస్తే ఆ వంపు వ్యాసార్ధం తెలుస్తుంది. సెకనుకు 20 మీటర్ల వేగం, 30 డిగ్రీల ఒరుగు అయితే 71 మీటర్లు. వేగం సగమైతే 18 మీటర్లే. అలాగని మరీ నెమ్మదిస్తే రెక్క గాలిలో నిలబడదు.

లంబకోణపు మూలనే తీసుకుందాం. డ్రోన్ 71 మీటర్ల ముందే తిరగడం మొదలుపెడుతుంది. మూలను తాకకుండా 29 మీటర్లు లోపలి నుంచి పోతుంది. దూరం 30 మీటర్లు కలిసొస్తుంది. బాగానే ఉంది, మరి ఆ లోపల సెల్ టవర్ ఉంటే? దారిని నున్నగా చేశాక అడ్డంకులను మళ్లీ మొదటి నుంచి సరిచూడాలి. నా దృష్టిలో అసలు పని అదే, గీత గీయడం కాదు.

వ్యాసార్ధానికి హద్దు ఉన్నప్పుడు సమతలంపై అతి పొట్టి దారిలో చాపాలు, సరళరేఖలు కలిపి మూడు ముక్కలకు మించవని 1957లో గణితవేత్త లెస్టర్ డూబిన్స్ నిరూపించాడు. ఎత్తు కూడా చేరితే లెక్క ముదురుతుంది. 600 మీటర్ల దూరంలో 100 మీటర్లు పైకెక్కాలి, 5 డిగ్రీలకు మించి ఎక్కలేం అనుకోండి. తిన్నగా పోతే అందే ఎత్తు 52 మీటర్లే. మిగతా ఎత్తుకు ఇంకో 543 మీటర్లు తిరగాలి. 71 మీటర్ల చుట్టు ఒకటి 446 మీటర్లే కాబట్టి ఒకటి చాలదు, రెండు ఎక్కువ. చుట్టు వ్యాసార్ధాన్ని 86 మీటర్లకు పెంచితే ఒక్క చుట్టుతో సరిగ్గా తెగుతుంది.

క్వాడ్‌కాప్టర్‌ది వేరే బాధ. అది ఉన్నచోటే ఆగి తిరగగలదు, కానీ ఆగిన ప్రతిసారీ బ్యాటరీ ఖర్చు. 2011లో పరిశోధకులు డేనియల్ మెలింజర్, విజయ్ కుమార్ దాని దారిలో స్థానపు నాలుగో అవకలజాన్ని కనిష్ఠం చేశారు. త్వరణం ఒరుగును నిర్ణయిస్తుంది. త్వరణం స్థానానికి రెండో అవకలజం; ఒరుగును మార్చడానికి మోటార్లు పెట్టే బలం మరో రెండు మెట్లు పైన, నాలుగో అవకలజంలో కనిపిస్తుంది. ఒక్కో ముక్కకు ఏడో ఘాత బహుపది వాడితే 8 గుణకాలు: ఈ కొసన స్థానం, వేగం, త్వరణం, త్వరణపు మార్పు నాలుగు షరతులు, ఆ కొసన మరో నాలుగు. పది ముక్కల దారికి మూడు అక్షాల్లో 240 అంకెలు.

మళ్లీ మన మూల దగ్గరికి వద్దాం, ఈసారి వెనక నుంచి సెకనుకు 8 మీటర్ల గాలి. నేల మీద వేగం 28కి పెరుగుతుంది, ఒరుగు మాత్రం 30 డిగ్రీలే. ఆ క్షణాన వంపు వ్యాసార్ధం 138 మీటర్లు, అంటే దాదాపు రెట్టింపు. దానికి సరిపడా చాపం గీస్తే దారి మూలకు 57 మీటర్లు లోపలికి జరుగుతుంది. సెల్ టవర్ 29కీ 57కీ మధ్య ఉందనుకోండి, ఇక ఆ మూలను వదిలేసి 1,20,000 గడుల్లో మళ్లీ వెతుక్కోవాల్సిందే.