జపాన్ విందుకు వెళ్తున్నారా?

పుస్తెలమ్ముకునైనా పులస తినాలనే ఊళ్లు మనవి. చేప గురించి గోదావరి జిల్లాల వాళ్లకు ఒకరు చెప్పేదేముంటుంది? అయినా ఈమధ్య మా ఓపీలో చేప గురించే కొత్త ప్రశ్నలు వినిపిస్తున్నాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, దుబాయ్‌లోనో ఉద్యోగాలు చేస్తుంటారు. చూడటానికి వెళ్లిన అమ్మానాన్నలను ఏ పెళ్లిరోజుకో ఖరీదైన జపాన్ రెస్టారెంటుకు తీసుకెళ్తారు. తిరిగొచ్చాక ‘పచ్చిచేప తిన్నానండీ డాక్టరు గారూ, నులిపురుగుల మాత్ర ఏమైనా వేసుకోమంటారా?’ అని ఒకరు అడుగుతారు. ‘నాకు షుగరు, ఆయనకు బీపీ. వచ్చే నెల మా అబ్బాయి దగ్గరకు వెళ్తున్నాం. అక్కడ ఏం తినొచ్చు?’ అని మరొకరు. జాగ్రత్త మంచిదే. కాకపోతే చాలామంది భయపడేది ఒకదానికి, నేను భయపడేది మరొకదానికి.

ఇలాంటి హోటళ్లను ఇజకాయా అంటారు. పూర్వం జపాన్‌లో సాకే అనే బియ్యపు మద్యం అమ్మే కొట్లలోనే జనం కూర్చుని తాగడం మొదలుపెట్టారు. ‘కూర్చుని తాగే కొట్టు’ అన్నదే ఆ మాటకు దాదాపు అర్థం. అందులోకి నంజుకోవడానికి పుట్టిన చిరుతిళ్లే ఇప్పుడు విందుగా మారాయి. 2002లో లండన్‌లో ప్రారంభమైన జూమా లాంటివి ఈ పద్ధతిని సంపన్నుల భోజనం చేశాయి. 2008లో అది దుబాయ్‌కీ వచ్చింది. ఇక్కడ మన భోజనంలా అన్నీ ఒకేసారి వడ్డించరు. రెండు మూడు గంటల పాటు చిన్నచిన్న పళ్లేలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే అందరూ పంచుకుంటారు. అన్నమో నూడుల్సో చివర్లో వస్తుంది. షుగరు ఉన్నవాళ్లకు చిక్కు సరిగ్గా అక్కడే.

మాత్ర వేసుకున్నారు, అన్నం రాలేదు

షుగరుకు గ్లిమిపిరైడ్ వాడేవాళ్లు మనలో చాలామంది. రాత్రి మాత్ర కూడా ఉంటే, అలవాటు ప్రకారం ఎనిమిదింటికి వేసుకుని కూర్చుంటారు. ముందు ఉడికించిన సోయా చిక్కుళ్లు, అంటే ఎడమామె వస్తాయి. తర్వాత పచ్చిచేప ముక్కలు, సాషిమి. ఆ తర్వాత నిప్పుల మీద కాల్చిన కోడి పుల్లలు. అన్నీ మాంసకృత్తులే, పిండిపదార్థం బహు తక్కువ. మాత్ర మాత్రం తన పని తాను చేస్తూ ఇన్సులిన్‌ను వదిలిస్తూనే ఉంటుంది. మధ్యలో రెండు కప్పులు సాకే పడిందంటే, షుగరు తగ్గినప్పుడు ఆదుకోవాల్సిన కాలేయం కూడా చేతులెత్తేస్తుంది. చెమటలు, వణుకు, మాట తడబడటం మొదలవుతాయి. పక్కనున్నవాళ్లు ‘నాన్నకు కాస్త ఎక్కువైనట్టుంది’ అని నవ్వుకుంటారు. నాకు భయం వేసేది ఆ నవ్వుకే.

గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవాళ్లు ఆ పూట మందు ఎప్పుడు, ఎంత వేసుకోవాలో తమ డాక్టరును ముందే అడగాలి. అన్నం ఉన్న పళ్లెం ఏదో ఒకటి మొదట్లోనే తెమ్మనండి, మొహమాటపడకండి. మద్యం వద్దు. జేబులో గ్లూకోజ్ పొడి పొట్లమో, నాలుగు చక్కెర బిళ్లలో ఉండాలి.

దీనికి తలకిందులు వ్యవహారం కూడా ఉంది. సుషీ చేప వంటకమే కదా, షుగరుకు మంచిదే కదా అని పది ముక్కలు తినేవాళ్లు ఉంటారు. ఒక్కో ముక్క కింద సుమారు 20 గ్రాముల అన్నం ఉంటుంది. అది కూడా వెనిగర్‌తో పాటు పంచదార కలిపిన జిగురు బియ్యపన్నం. పది ముక్కలంటే 200 గ్రాములు. ఇంట్లో అంత అన్నం పెడితే ‘అమ్మో, వద్దు’ అనేది మీరే!

సాకే లెక్క కూడా చెప్పుకోవాలి. అందులో ఆల్కహాల్ సుమారు 15 శాతం. చిట్టి కప్పుల్లో పోస్తారు. కప్పు ఖాళీ కాగానే పక్కవాళ్లు నింపడం అక్కడి మర్యాద. దాంతో ఎంత తాగామో లెక్క తెలియదు. 180 మిల్లీలీటర్ల కూజా ఒకటి ఒక్కరే తాగితే 60 మిల్లీలీటర్ల విస్కీ తాగినట్టే.

ఇక ఉప్పు. పెద్ద చెంచాడు సోయా సాస్‌లో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. అంటే రెండు గ్రాములకు పైగా ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మీసో సూప్‌లోనూ ఉప్పు ఎక్కువే. జపాన్ వాళ్లు ఇదే తిని నూరేళ్లు బతుకుతున్నారు కదా అంటారు. ఉత్తర జపాన్‌లోని అకితాలో ఒకప్పుడు ఉప్పు వాడకమూ, పక్షవాతం మరణాలూ రెండూ విపరీతంగా ఉండేవి. ఉప్పు తగ్గించమని, బీపీ చూపించుకోమని దశాబ్దాల పాటు ప్రచారం చేస్తేనే అక్కడ పక్షవాతం తగ్గింది. బీపీ, కిడ్నీ జబ్బు, గుండె నీరసం ఉన్నవాళ్లు సాస్‌లో అన్నం వైపు ముంచకుండా చేప అంచును మాత్రం తాకించి తినాలి. సూప్ మానేసినా నష్టం లేదు.

ఇంతకీ పచ్చిచేప సంగతి?

పేరున్న రెస్టారెంటులో తింటే, ఆరోగ్యవంతులకు ప్రమాదం తక్కువే. తిన్న ప్రతివారూ నులిపురుగుల మాత్ర వేసుకోనక్కర్లేదు. జపాన్ వాళ్లు అనాదిగా సాల్మన్‌ను పచ్చిగా తింటున్నారని అనుకుంటాం. నిజానికి తమ సముద్రపు సాల్మన్‌లో పురుగులుంటాయని వాళ్లు మామూలుగా దాన్ని వండుకునే తినేవారు. 1980లలో నార్వే తన పెంపకపు సాల్మన్‌ను అమ్ముకోవడానికి జపాన్‌లో ప్రచారం చేశాకే సాల్మన్ సుషీ వ్యాపించింది. పురుగు చావాలంటే చేపను మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు, లేదా మైనస్ 35 డిగ్రీల్లో గడ్డకట్టించి 15 గంటలు ఉంచాలని అమెరికా ఆహార నియంత్రణ సంస్థ చెబుతోంది. కరెంటు వచ్చీపోయే మన ఇంటి ఫ్రీజరును దాంతో పోల్చలేం. పైగా ఆ చలికి పురుగు చస్తుంది గానీ బ్యాక్టీరియా అంతా చావదు.

అందుకే గర్భిణులు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు, చిన్నపిల్లలు పచ్చివి ముట్టకూడదు. లివర్ సిరోసిస్ ఉన్నవాళ్లు పచ్చి ఆయిస్టర్ల జోలికి అసలు వెళ్లకూడదు. వాటిలోని విబ్రియో బ్యాక్టీరియా వాళ్ల రక్తంలోకి చేరితే గంటల్లో ప్రాణం మీదకు వస్తుంది. వీళ్లందరికీ ఇజకాయాలో కాల్చిన చేప, టోఫు, ఎడమామె ఎలాగూ ఉంటాయి.

నా అసలు భయం హోటలు కాదు, మన వంటిల్లు. అక్కడ రుచి మరిగిన పిల్లలు సెలవులకొచ్చి, వీడియోలు చూసి, ‘ఇంత తాజా చేప హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది?’ అంటూ కొరమీనుతోనో బొచ్చెతోనో సుషీ చుడదామంటారు. తాజాదనం వేరు, పచ్చిగా తినగలగడం వేరు. చెరువు చేప బతికి గిలగిల్లాడుతున్నా పచ్చిగా తినే చేప కాదు.

2015లో సింగపూర్‌లో ఏం జరిగిందో చూడండి. అక్కడ పచ్చి మంచినీటి చేప తిన్న వందమందికి పైగా గ్రూప్ బి స్ట్రెప్టోకోకస్ ఇన్ఫెక్షన్ సోకింది. వాళ్లలో అప్పటిదాకా ఏ జబ్బూ లేనివాళ్లూ ఉన్నారు. కొందరికి మెదడు పొరల వాపు, కొందరికి కీళ్లలో చీము. అనుమానించిన చేపల్లో ఒకటి బొచ్చెలాంటి గండుచేప, ఇంకొకటి మన కొరమీను జాతిది. ఆ ఏడాది చివర్లో హోటళ్లు పచ్చి మంచినీటి చేప వడ్డించడాన్ని అక్కడి ప్రభుత్వం నిషేధించింది. ఈశాన్య థాయ్‌లాండ్‌లో పచ్చి చేప తురుములో నిమ్మరసం, కారం కలిపి తినే అలవాటుంది. దాని ద్వారా లివర్‌లోకి చేరే పురుగు ఏళ్ల తరబడి ఉండిపోతే పిత్తనాళాల క్యాన్సర్‌కు దారి తీస్తుంది. నిమ్మరసానికి చేప తెల్లబడుతుందే తప్ప ఉడకదు, పురుగు చావదు. ఘాటు వసాబి అయినా, గ్లాసులోని మందయినా అంతే. మన చెరువు రొయ్య కూడా పచ్చిగా తినడానికి పెంచింది కాదు. చింతపండు పులుసులో కుతకుతలాడిన చేపకు ఈ గొడవలేవీ లేవు. సరదా తీరాలంటే వేయించిన కొరమీనునో, ఉడికించిన రొయ్యనో పెట్టి సుషీ చుట్టండి, రుచికి లోటుండదు.

పచ్చివి తిన్న కొన్ని గంటల్లోనే పై కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు వస్తే గ్యాస్ మాత్రతో సరిపెట్టుకోకండి. అనిసాకిస్ అనే సముద్రపు పురుగు కడుపు గోడను పట్టుకుంటే ఎండోస్కోపీతో తీసేయవచ్చు. రెండు మూడు రోజుల్లో చలిజ్వరం, మెడ బిగుసుకోవడం, కీలు వాచడం, కాలి మీద నీటి బొబ్బలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఏం తిన్నారో, ఎక్కడ తిన్నారో, ఎప్పుడు తిన్నారో డాక్టరు అడగకముందే చెప్పండి. మన దగ్గర పచ్చిచేప తిన్నారా అని అడగడం డాక్టర్లకు ఇంకా అలవాటు లేదు.