చికున్‌గున్యా: జ్వరం తగ్గినా కీళ్ల నొప్పులు ఎందుకు వదలవు? లోపల జరిగేది ఇదే!

జ్వరం నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది. కీళ్ల నొప్పులు మాత్రం నెలల తరబడి వేధిస్తాయి. చికున్‌గున్యా వచ్చిన చాలామందిది ఇదే పరిస్థితి. రాయలసీమకు ఈ బాధ కొత్తేం కాదు. 2005 చివర్లో మొదలైన చికున్‌గున్యా ఉమ్మడి చిత్తూరు, కడప, అనంతపురం జిల్లాలనూ వణికించింది. 2006లో దేశవ్యాప్తంగా దాదాపు 13.9 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. మరి వైరస్ పోయినా నొప్పి ఎందుకు పోదు?

కీళ్లలో ఏం జరుగుతుంది?

ఏడిస్ దోమ కాటుతో శరీరంలోకి చేరిన వైరస్, రక్తం ద్వారా కీళ్ల లోపలి పొరకు చేరుతుంది. అక్కడి కణాలు వెంటనే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తాయి. పక్క కణాలకు ఇదే తొలి హెచ్చరిక. తర్వాత ఎంసీపీ-1 అనే మరో సిగ్నల్ వెళ్తుంది. ఇది రక్తంలోని రక్షక కణాలను కీళ్లలోకి పిలుస్తుంది. అలా వచ్చిన కణాలు ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ లాంటి రసాయనాలను వదులుతాయి. వాటివల్లే వాపు, నొప్పి, పొద్దున లేవగానే కీళ్లు పట్టేయడం. అంటే వైరస్‌తో పోరాడేందుకు మన ఒళ్లు మోగించే అలారమే మనల్ని బాధపెడుతోందన్నమాట.

అలారం ఎందుకు ఆగదు?

రక్తంలో వైరస్ సాధారణంగా వారం రోజుల్లో కనిపించకుండా పోతుంది. కొందరిలో ఈ సిగ్నళ్లు మాత్రం ఆగవు. రీయూనియన్ దీవిలో ఓ రోగి కీలు పొరలో 18 నెలల తర్వాత కూడా వైరస్ ఆనవాళ్లు దొరికాయని 2010లో వచ్చిన అధ్యయనం చెప్పింది. కొలంబియా రోగులపై 2018లో వచ్చిన మరో అధ్యయనంలో మాత్రం నొప్పి ఉన్నా కీలు ద్రవంలో వైరస్ దొరకలేదు. వయసు పైబడినవారికి, ముందే కీళ్ల జబ్బు ఉన్నవారికి ముప్పు ఎక్కువ.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* జ్వరం ఉన్నప్పుడు ముందు డెంగీ కాదని తేల్చుకోవాలి. అప్పటివరకు పారాసిటమాల్ మాత్రమే వాడాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకుంటే రక్తస్రావం ముప్పు ఉంటుంది.
* యాంటీబయోటిక్స్ వైరస్‌పై పనిచేయవు.
* నొప్పి తగ్గుతుంది కదా అని డాక్టర్ చెప్పకుండా స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేయించుకోవద్దు. షుగర్ పెరగొచ్చు, ఎముకలు బలహీనపడొచ్చు.
* మూడు నెలలు దాటినా వాపు, బిగుసుకుపోవడం తగ్గకపోతే కీళ్ల వ్యాధుల నిపుణుడిని కలవాలి.
* ఒకే కీలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే ఆలస్యం చేయొద్దు. అది బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

నీటి కొరత ఉన్న మన ప్రాంతంలో డ్రమ్ములు, తొట్లలో నీళ్లు నిల్వ చేయక తప్పదు. పగటిపూట కుట్టే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది అక్కడే. అందుకే వాటిపై మూతలు పెట్టండి. వారానికోసారి ఖాళీ చేసి, లోపలి గోడలు రుద్ది కడిగి, ఆరబెట్టండి.