కాలేజీ పోలీసులు: మనమూ మన పిల్లలూ తెలుసుకోవలసిన సంగతులు

పోలీసు అన్న మాట వినగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది లాఠీ, ఆ తరువాత ఠాణా. "కోర్టు మెట్లూ, పోలీసు స్టేషను మెట్లూ ఎక్కకూడదు" అని పెద్దలు చెప్పగా విని పెరిగినవాళ్ళం. మేము ఇంజనీరింగ్ చదివిన రోజుల్లో హాస్టల్లో గొడవ జరిగితే ముందు వార్డెన్, తరువాత ప్రిన్సిపాల్. పోలీసులు గేటు దాటి లోపలికి వచ్చారంటే అది మర్నాడు పేపర్లో పడే వార్త. ఉస్మానియా ప్రాంగణంలో పోలీసు స్టేషను ఉన్నా అది హైదరాబాదు నగర పోలీసులదే కానీ విశ్వవిద్యాలయానిది కాదు.

అమెరికాలో సంగతి వేరు. ఇక్కడ చాలా యూనివర్సిటీలకు సొంత పోలీసు శాఖ ఉంటుంది. వాళ్ళు గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్లు కారు. చట్టప్రకారం ప్రమాణం చేసి, అరెస్టు చేసే అధికారం ఉన్న పూర్తిస్థాయి పోలీసులు. కేంద్ర న్యాయశాఖ 2011-12లో జరిపిన సర్వే ప్రకారం, 2,500 మందికి పైగా విద్యార్థులున్న నాలుగేళ్ళ ప్రభుత్వ విద్యాసంస్థల్లో 92 శాతం, ప్రైవేటు వాటిలో 38 శాతం ఇలాంటి పోలీసులను నియమించుకున్నాయి. మన బడిలో గుణింతాలు దిద్దిన పిల్లలు చూస్తూండగానే కాలేజీకి వెళ్ళిపోతున్నారు. అక్కడ వాళ్ళకు అండగా ఎవరున్నారో, ఏమేం చేస్తారో ఇంటిల్లిపాదికీ తెలియాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎలా మొదలైంది?

ఈ పద్ధతి 1894లో యేల్ యూనివర్సిటీలో మొదలైంది. ఆ రోజుల్లో విద్యార్థులకూ ఊరివాళ్ళకూ పడేది కాదు. వైద్య విద్యార్థులు శ్మశానం నుంచి శవాలు ఎత్తుకుపోతున్నారన్న పుకార్లతో గొడవలు ముదిరాయి. అప్పుడు న్యూ హేవెన్ నగరం నుంచి ఇద్దరు పోలీసులను యేల్‌కు కేటాయించారు. మొదట విద్యార్థులకు వాళ్ళంటే అనుమానమే. మెల్లగా నమ్మకం కుదిరింది.

1966 ఆగస్టు 1న ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ టవర్ పైనుంచి ఒకడు తుపాకీతో జనాన్ని కాల్చాడు. ఆ మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం క్యాంపస్ పోలీసులకు చట్టబద్ధత కల్పించింది. 1986లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో జీన్ క్లెరీ అనే విద్యార్థిని తన హాస్టల్ గదిలోనే హత్యకు గురైంది. ఆమె తల్లిదండ్రుల పోరాటం వల్ల 1990లో క్లెరీ చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి కాలేజీ ఏటా అక్టోబరు 1 నాటికి గత మూడేళ్ళ నేరాల లెక్కలను బయటపెట్టాలి. ప్రమాదం పొంచి ఉంటే విద్యార్థులను హెచ్చరించాలి.

2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్‌లో 32 మంది బలయ్యారు. వాళ్ళలో భారతదేశం నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరు, ఒక విద్యార్థిని ఉన్నారు. మొదటి కాల్పులు జరిగిన రెండు గంటల తరువాత గానీ విద్యార్థులకు ఈమెయిల్ వెళ్ళలేదు. ఆ పాఠంతో 2008లో చట్టాన్ని సవరించి, ప్రాణాపాయం ఉందని తేలగానే ఆలస్యం చేయకుండా అందరికీ తెలియజేయాలన్నారు. అదే 2007లో, డిసెంబరు 13 రాత్రి, లూసియానా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లోని విద్యార్థుల అపార్ట్‌మెంట్‌లో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన ఇద్దరు పీహెచ్‌డీ విద్యార్థులు కాల్పుల్లో మరణించారు. ఇది మనకు సంబంధం లేని విషయం అనుకోవడానికి వీల్లేదు.

తుపాకీ లేని విభాగం

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, ఏ వ్యవస్థయినా నడిచేది వెనకాల ఉన్న సపోర్ట్ టీమ్ వల్లనే. పోలీసు శాఖా అంతే. విద్యార్థికి రోజువారీగా ఉపయోగపడేది ఎక్కువగా ఈ విభాగమే.

అన్నిటికంటే ముందు డిస్పాచర్లు. ఫోను ఎత్తేది వీళ్ళే. ఒక చెవితో మన మాట వింటూ, కంప్యూటర్‌లో రాస్తూ, మరో పక్క రేడియోలో ఆఫీసర్లను పంపుతారు. కాలిఫోర్నియాలో వీళ్ళకు కనీసం 120 గంటల ప్రాథమిక శిక్షణ ఉంటుంది.

తరువాత రాత్రిపూట తోడు వచ్చే సేవ. లైబ్రరీ నుంచి హాస్టల్‌కు ఒంటరిగా వెళ్ళాలంటే భయమేస్తే ఫోను చేయవచ్చు. బర్కిలీలో దీన్ని బేర్‌వాక్ అంటారు. చాలా చోట్ల ఈ పని చేసేది శిక్షణ పొందిన తోటి విద్యార్థులే. దీనికి డబ్బు తీసుకోరు. "ఇంత చిన్నదానికి పిలవాలా?" అని మొహమాటపడక్కర్లేదు. అడగనిదే అమ్మయినా పెట్టదు కదా!

క్యాంపస్‌లో అక్కడక్కడ నీలం దీపం ఉన్న స్తంభాలు కనిపిస్తాయి. వాటి మీటనొక్కితే నేరుగా డిస్పాచర్ పలుకుతారు. ఇవి కాక సైకిళ్ళ, లాప్‌టాప్‌ల రిజిస్ట్రేషను, పోయిన వస్తువులు భద్రపరచడం, వేలిముద్రలు తీయడం, అమ్మాయిలకు ఆత్మరక్షణ తరగతులు, నేరబాధితులకు సలహా సహాయాలు వంటివి ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటాయి. పోలీసులతో మాట్లాడటం ఇష్టం లేని బాధితుల కోసం, విషయం గోప్యంగా ఉంచే సలహాదారులు చాలా యూనివర్సిటీల్లో విడిగా ఉంటారు.

ఆఫీసరు తయారయ్యేది ఎలా?

కాలిఫోర్నియానే ఉదాహరణగా తీసుకుందాం. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా పది క్యాంపస్‌లకూ పోలీసు శాఖలున్నాయి. అక్కడ ఆఫీసరు కావాలంటే రాత పరీక్ష, దేహదారుఢ్య పరీక్ష, గత జీవితం మీద విచారణ, వైద్య పరీక్ష, మానసిక పరీక్ష అన్నీ దాటాలి. 2021లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం కొత్తగా చేరేవారికి కనీసం 21 ఏళ్ళు నిండాలి.

తరువాత పోలీసు అకాడమీ. నగర పోలీసులకు ఎంత చదువో వీళ్ళకూ అంతే. రాష్ట్రం నిర్ణయించిన కనీస శిక్షణ 664 గంటలు. వారానికి 40 గంటల లెక్కన దాదాపు 17 వారాలు. చాలా అకాడమీలు అంతకన్నా ఎక్కువే నేర్పుతాయి. చట్టాలు, ప్రథమ చికిత్స, ఆయుధాలు, వాహనం నడపడం, రిపోర్టు రాయడం, గృహహింస కేసులు, వికలాంగులతో వ్యవహరించడం, రకరకాల సంస్కృతుల వారితో మెలగడం అన్నీ ఉంటాయి. బయటికొచ్చాక కనీసం పది వారాలు అనుభవజ్ఞుడైన ఆఫీసరు పక్కన కూర్చుని పని నేర్చుకోవాలి. ఉద్యోగం ఖాయమయ్యాక కూడా రెండేళ్ళకోసారి కనీసం 24 గంటల శిక్షణ తప్పదు.

కాలేజీకి ముఖ్యమైనది మరొకటుంది. దిగులుతో, ఒత్తిడితో కుంగిపోయిన విద్యార్థిని నేరస్తుడిలా చూడకూడదు. ఇందుకోసం 1988లో మెంఫిస్ నగరంలో 40 గంటల ప్రత్యేక శిక్షణ రూపొందించారు. అలా శిక్షణ పొందిన ఆఫీసర్లు నెమ్మదిగా మాట్లాడి, మనిషిని జైలుకు కాకుండా వైద్యుడి దగ్గరకు చేర్చడానికి ప్రయత్నిస్తారు. తరువాత దేశంలో చాలా శాఖలు ఈ పద్ధతిని అనుసరించాయి.

శిక్షణ ఉన్నంత మాత్రాన అందరూ సరిగ్గా ప్రవర్తిస్తారని చెప్పలేం. 2011 నవంబరులో డేవిస్ క్యాంపస్‌లో నేలమీద కూర్చుని నిరసన తెలుపుతున్న విద్యార్థుల ముఖాల మీద పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టారు. అది సమర్థనీయం కాదని 2012లో విచారణ సంఘం తేల్చింది. 2023 జనవరిలో సియాటిల్‌లో నగర పోలీసు కారు ఢీకొని మన ఆంధ్ర విద్యార్థిని ఒకరు చనిపోయారు. ఆ ప్రాణాన్ని చులకన చేస్తూ మరో ఆఫీసరు ఫోనులో నవ్విన మాటలు బయటపడినప్పుడు మనమంతా బాధపడ్డాం. ఆ ఆఫీసరును 2024లో ఉద్యోగం నుంచి తొలగించారు. కాబట్టి పిల్లలకు రెండు విషయాలూ చెప్పాలి. అవసరమైతే పోలీసులను పిలవాలి, అన్యాయం జరిగితే ఫిర్యాదూ చేయాలి. కాలిఫోర్నియాలో అయితే ప్రతి పోలీసు శాఖా ఫిర్యాదులు తీసుకునే పద్ధతి ఏర్పాటు చేయాలని చట్టమే ఉంది.

పిల్లలూ, ఇవి గుర్తుంచుకోండి

911కు ఫోను చేస్తే ముందు మీరెక్కడున్నారో చెప్పండి. భవనం పేరు, అంతస్తు, గది నంబరు. ఏం జరిగిందో తరువాత. ఫోను మధ్యలో కట్ అయినా మనిషిని పంపడానికి ఆ వివరం చాలు. పొరపాటున నొక్కితే పెట్టేయకుండా "పొరపాటున చేశాను" అని చెప్పండి.

కాలేజీలో చేరిన మొదటి వారంలోనే అత్యవసర సందేశాల కోసం మీ సెల్ నంబరు సరిగ్గా నమోదయిందో లేదో చూసుకోండి. క్యాంపస్ పోలీసుల నేరు నంబరు ఫోనులో పెట్టుకోండి. మనసు బాగోలేకపోతే 988కు ఫోను చేయవచ్చు, సందేశం పంపవచ్చు. 2022 నుంచి దేశమంతటా పనిచేస్తున్న నంబరు ఇది.

"మేము పోలీసులం, మీ వీసాలో తప్పుంది, వెంటనే గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పండి" అని ఎవరైనా ఫోను చేస్తే అది మోసం. అసలు పోలీసులు అలా డబ్బు అడగరు. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన అన్నలకూ అక్కలకూ ఈ సంగతి మీరే చెప్పండి.

తల్లిదండ్రులకు ఒక మాట

కాలేజీలో చేరిన పిల్లల చదువు రికార్డుల మీద హక్కు పిల్లలదే. అందువల్ల కాలేజీ మనకు అన్నీ చెప్పదు. కానీ అబ్బాయి రెండు రోజులుగా ఫోను ఎత్తడం లేదు, స్నేహితులకూ తెలియదు అనుకోండి, క్యాంపస్ పోలీసులకు ఫోను చేసి "ఒకసారి వెళ్ళి క్షేమంగా ఉన్నాడో లేదో చూడండి" అని అడగవచ్చు. దీన్ని వెల్ఫేర్ చెక్ అంటారు. ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఇక్కడొక చిక్కుంది. మన ఇంటి నుంచి 911 నొక్కితే ఆ ఫోను మన ఊరి కేంద్రానికే వెళ్తుంది, పిల్లవాడున్న ఊరికి కాదు. అందుకే క్యాంపస్ పోలీసుల పది అంకెల నంబరు మన దగ్గర ఉండాలి. ఇల్లు కాలాక నుయ్యి తవ్వినట్టు అప్పటికప్పుడు వెతుక్కోవడం కన్నా, ఇప్పుడే రాసి ఫ్రిజ్ మీద అంటించడం మేలు. ఇండియాలో ఉన్న అన్నదమ్ముల పిల్లలు ఇక్కడ చదువుతుంటే వారి కాలేజీ నంబరు కూడా రాసిపెట్టుకోండి. అక్కడివాళ్ళు కంగారు పడినప్పుడు ముందు ఫోను చేసేది మనకే.

ఇంగ్లీషు రాని అమ్మమ్మలూ తాతయ్యలూ ఇంట్లో ఉంటే "తెలుగు" అన్న ఒక్క మాట చెప్పడం నేర్పండి. చాలా 911 కేంద్రాలు ఫోనులోనే దుబాసీని కలుపుతాయి.

కాలేజీ చూడటానికి వెళ్ళినప్పుడు లైబ్రరీ, హాస్టల్, భోజనశాల చూసి వచ్చేస్తుంటాం. ఈసారి పోలీసు ఆఫీసుకు కూడా ఒక పది నిమిషాలు వెళ్ళి రండి. నేరాల నివేదిక అడగండి, రాత్రి తోడు వచ్చే సేవ ఎన్ని గంటల వరకు ఉంటుందో కనుక్కోండి. ఈ ఏడాది మన బడి నుంచి కాలేజీకి వెళ్తున్న పిల్లలందరికీ మా శుభాకాంక్షలు. బాగా చదువుకోండి, క్షేమంగా ఉండండి, వారానికోసారి అమ్మకు తెలుగులో ఫోను చేయండి.